పర్మనెంట్ వదిలి కాంట్రాక్ట్‌కు: 18 లక్షల తేడా 4 లక్షలకు దిగిన వైనం

గంటకు 28 యూరోలు. నెదర్లాండ్స్‌లో సరుకు రవాణా సాఫ్ట్‌వేర్ చేసే ఒక చిన్న కంపెనీ 2024 నవంబర్‌లో నాకు చెప్పిన రేటు ఇది. మా పాత టీమ్ లీడ్ అక్కడికి వెళ్లి చేరాడు. జావా, కాఫ్కా అనే సాఫ్ట్‌వేర్ సాధనాలు బాగా తెలిసిన మనిషి కావాలని వాళ్లు అడిగితే నా పేరు చెప్పాడు. టెక్నికల్ రౌండ్లు అయ్యాక ఆయనే ఫోన్ చేసి, "రోజుకు ఎనిమిది గంటలు, ఏడాదికి 260 పనిరోజులు, యూరోకి 90 రూపాయలు. లెక్కేసుకో, 52 లక్షలు" అన్నాడు. అప్పటికి నా సీటీసీ, అంటే కంపెనీ నా మీద ఏడాదికి పెట్టే మొత్తం, 34 లక్షలు. నానక్‌రామ్‌గూడలో ఒక పెద్ద విదేశీ కంపెనీ డెవలప్‌మెంట్ సెంటర్‌లో పర్మనెంట్ ఉద్యోగం. 18 లక్షల తేడా కళ్ల ముందు కనబడుతుంటే ఎవరికైనా మనసు లాగుతుంది.

అయినా వెంటనే ఊ అనలేదు. అంతకు ముందే ఒకసారి కాంట్రాక్ట్ వైపు చూసి వద్దనుకున్నదాన్ని. హైదరాబాద్ ఐటీలో కాంట్రాక్ట్ అనగానే ఎక్కువగా వినిపించేది థర్డ్ పార్టీ పేరోల్. పని చేసేది పెద్ద కంపెనీకి, జీతం ఇచ్చేది మధ్యలో వెండర్. పీఎఫ్ కట్ అవుతుంది, ఐడీ కార్డు తాడు మాత్రం వేరే రంగులో ఉంటుంది. క్లయింట్ వెండర్‌కి ఎంత ఇస్తున్నాడో, అందులో మనకు వచ్చేది ఎంతో చెప్పరు. ఇక కాంట్రాక్ట్ టు హైర్ అంటే ఆరు నెలల తర్వాత పర్మనెంట్ చేస్తామనే మాట. ఆ మాట కాగితం మీద "పనితీరును బట్టి, బడ్జెట్‌ను బట్టి" అని ఉంటుంది. నాకు తెలిసినవాళ్లలో కొందరికి నిజంగానే కన్వర్షన్ వచ్చింది, కొందరు ఏడాదిన్నర ఎదురుచూసి వేరే చోటు చూసుకున్నారు. ఈ రెండిటిలోనూ ఉద్యోగి చాకిరీ ఉంటుంది, ఉద్యోగి ధీమా ఉండదు. పైగా ఒకే జేడీ (ఉద్యోగ వివరాల కాగితం) పట్టుకుని నాలుగు కన్సల్టెన్సీలు ఫోన్ చేసి "ఎక్స్‌పెక్టెడ్ ఎంత మేడమ్" అని అడుగుతుంటే విసుగొస్తుంది.

ఈసారి వచ్చింది వేరే రకం. మధ్యలో వెండర్ లేడు. నేను నా పేరు మీద ఇన్‌వాయిస్ పంపాలి, వాళ్లు యూరోల్లో డబ్బు పంపాలి. ఇది అసలు ఉద్యోగమే కాదు. ఈ సంగతి ముందు నాకు పూర్తిగా బోధపడ్డాకే లెక్కలకు కూర్చున్నాను.

మొదట ఆ 260 పనిరోజులను పట్టుకున్నాను. 260 అంటే ఏడాదిలో శని, ఆదివారాలు తీసేస్తే మిగిలే రోజులు, అంతే. క్రిస్మస్‌కు వాళ్ల ఆఫీసు మూసేస్తారు. ఏప్రిల్‌లో వాళ్ల రాజుగారి పుట్టినరోజు సెలవు, ఈస్టర్ సోమవారం సెలవు. మనకు ఉగాది, దసరా, సంక్రాంతి ఉన్నాయి. వాళ్ల సెలవుకూ డబ్బులు రావు, మన సెలవుకూ రావు. పాపకు జ్వరం వచ్చి నేను ఇంట్లో కూర్చున్నా రావు. అన్నీ కలిపి 40 రోజులు తీసేసి 220 వేసుకున్నాను. 52 లక్షలు కాస్తా 44 లక్షల 35 వేలయ్యాయి.

ఇక ఏడాదంతా పని ఉంటుందన్న హామీ ఎక్కడిది? కాంట్రాక్ట్ ఒక ఏడాదికే. ఆపేస్తే ఇంకొకటి దొరకడానికి రెండు నెలలు పట్టవచ్చని అనుకుని, ఏడాదికి పది నెలల ఆదాయమే వేసుకున్నాను. అప్పుడు 37 లక్షలకు కాస్త తక్కువ. మా లీడ్‌కి ఇది చెప్తే "ఇంత నిరాశావాదం ఏంటి" అని నవ్వాడు. కానీ కాంట్రాక్ట్‌లోకి వెళ్లే ఎవరైనా పది నెలల లెక్కే వేసుకోవాలని ఇప్పటికీ నా అభిప్రాయం.

పన్ను దగ్గర మాత్రం బేరం నా వైపు తిరిగింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 44ఏడీఏ అని ఒకటి ఉంది. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు లాంటి కొన్ని వృత్తులవాళ్లు వచ్చిన మొత్తంలో సగాన్ని ఆదాయంగా చూపి దాని మీద పన్ను కట్టవచ్చు, ఖర్చుల పుస్తకాలు రాయక్కర్లేదు. ఆ వృత్తుల జాబితాలో ఐటీ కూడా ఉంది. ఏడాది రాబడి 50 లక్షల లోపు ఉండాలి. నగదుగా వచ్చింది 5 శాతం మించకపోతే 2023-24 నుంచి 75 లక్షల దాకా. మనకు వచ్చేదంతా బ్యాంకులోకే కాబట్టి ఇబ్బంది లేదు. మియాపూర్‌లో మా సీఏ గారు ఇదంతా చెప్పి, వెంటనే ఒక హెచ్చరిక కూడా చేశారు: "చూడమ్మా, పాత కంపెనీకే మర్నాటి నుంచి కన్సల్టెంట్‌గా బిల్లు పంపితే ఇది నిలబడదు. పేరు మార్చిన జీతం అంటారు. నీది వేరే క్లయింట్ కాబట్టి సరే. కానీ నీ అగ్రిమెంట్‌లో సెలవుకు అనుమతి, పని వేళలు, ఇంకెవరికీ పని చేయకూడదు లాంటివి ఉంటే తీయించు." ఇంకొకటి, పాత కంపెనీ ఇచ్చిన అమెరికా షేర్లు కొన్ని నా దగ్గర ఉన్నాయి. విదేశీ ఆస్తి ఉన్నవాళ్లకు తేలికైన ఐటీఆర్-4 అనే రిటర్న్ ఫారం కుదరదు, ఐటీఆర్-3 వేయాలి. షేర్లు ఉన్నాయని ఆయన అడిగితే గానీ నేను చెప్పలేదు, అది పన్నుకు సంబంధించిన విషయమని నాకు తట్టనే లేదు.

ఇక ఎదుటి పళ్లెంలో ఉద్యోగాన్ని పెట్టాను. 34 లక్షల సీటీసీలో కంపెనీ వాటా పీఎఫ్ లక్షా 58 వేలు, గ్రాట్యుటీ 63 వేలు పోగా స్థూల జీతం 31 లక్షల 80 వేలు. పన్ను పోయాక, పీఎఫ్, గ్రాట్యుటీ నావే కాబట్టి తిరిగి కలిపితే, 27 లక్షల 50 వేల చిల్లర. కాంట్రాక్ట్ వైపు పది నెలల రాబడిలో పన్ను తీసేసి, ఇంకా ఖర్చులూ తీసేయాలి: అమ్మానాన్నల హెల్త్ ఇన్సూరెన్స్, సీఏ ఫీజు, సొంత లాప్‌టాప్, రెండో ఇంటర్నెట్ కనెక్షన్, యూరోలు రూపాయలైనప్పుడు బ్యాంకు కోసుకునేది. ఏడాదికి దాదాపు 2 లక్షల 40 వేలు. మిగిలింది 32 లక్షలు. అంటే తేడా నాలుగున్నర లక్షలు. 2025 ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో స్లాబులు మారాక మళ్లీ వేస్తే ఇంకా తగ్గి 4 లక్షల దగ్గర ఆగింది, ఎందుకంటే కొత్త స్లాబులు నా జీతం మీద పన్నునే ఎక్కువ తగ్గించాయి.

18 లక్షలు 4 లక్షలయ్యాయి. నెలకు 33 వేలు. మా ఆయన కాగితం చూసి, "నెలకు 33 వేల కోసం పర్మనెంట్ ఉద్యోగం వదులుతున్నావా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆయన ప్రభుత్వ రంగ బ్యాంకులో పని చేస్తారు, పర్మనెంట్ అనే మాటకు ఆయన దగ్గర ఉన్న విలువ వేరు. నా జవాబు కూడా డబ్బు గురించి కాదు. వారానికి మూడు రోజులు మియాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ వెళ్లి రావడం, అమెరికా టీమ్‌తో రాత్రి పదిన్నరకు కాల్స్. నెదర్లాండ్స్‌తో తేడా చలికాలంలో నాలుగున్నర గంటలు, ఎండాకాలంలో మూడున్నర. మధ్యాహ్నం మొదలుపెడితే రాత్రి తొమ్మిదికల్లా అయిపోతుంది, పొద్దున పాపను బడికి నేనే దింపవచ్చు. ఈ వేళల కోసం డబ్బు సమానంగా వచ్చినా వెళ్లేదాన్ని. డబ్బు కోసమే అయితే ఈ 4 లక్షలకు నేను కదిలేదాన్ని కాదు.

అసలు ఆలోచించాల్సి వచ్చింది నాన్న ఇన్సూరెన్స్ గురించి. ఆయనకు షుగర్ ఉంది, 2021లో గుండెకు స్టెంట్ వేశారు. ఆ ఖర్చంతా మా కంపెనీ గ్రూప్ పాలసీ భరించింది. గ్రూప్ పాలసీలో పాత జబ్బుల గురించి అడగరు, చేరిన రోజు నుంచే కవర్. బయట సొంతంగా కొనబోతే పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టవచ్చు. ఒక కంపెనీవాళ్లు స్టెంట్ అన్న మాట వినగానే కుదరదన్నారు. ఇంకొకరు కవర్ ఇస్తాం, గుండె తప్ప అన్నట్టు మాట్లాడారు. గుండె తప్ప అయితే ఇక దేనికి?

దారి చూపింది హెచ్‌ఆర్‌లో పని చేసే ఒక అమ్మాయి. గ్రూప్ పాలసీలో ఉన్నవాళ్లు అదే ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర సొంత పాలసీకి మారవచ్చు, అప్పటిదాకా గడిచిన కాలాన్ని వెయిటింగ్‌లో లెక్కలోకి తీసుకుంటారు అంది. దీన్నే మైగ్రేషన్ అంటారు. ఉద్యోగంలో ఉండగా, పాలసీ నడుస్తుండగానే అడగాలి, రాజీనామా తర్వాత గుర్తొస్తే లాభం లేదు. వాళ్లు మళ్లీ మెడికల్ పరీక్షలు చేస్తారు, ప్రీమియం వాళ్ల ఇష్టం. నాన్నకు ఈసీజీ, టూడీ ఎకో, హెచ్‌బీఏ1సీ అన్నీ చేయించాను. అమ్మకూ ఆయనకూ కలిపి 10 లక్షల కవర్‌కు ఏడాదికి 92 వేలు చెప్పారు, జీఎస్టీతో సహా. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద ఆ 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు, అప్పుడు ఉంది. ఈ పాలసీ చేతికి వస్తుందని ఖాయమయ్యాకే రాజీనామా అనుకున్నాను. రాకపోయి ఉంటే ఇప్పటికీ అదే బస్సులో నానక్‌రామ్‌గూడ వెళ్తుండేదాన్ని.

నాన్నకు ఈ విషయం చెప్పడం ఇంకో పని. మాది కొత్తగూడెం. సింగరేణి కార్మికుల కాలనీ పక్కన నాన్నకు కిరాణా కొట్టు ఉండేది. పర్మనెంట్ కార్మికులకు నెల ఖాతా, జీతాల రోజు లెక్క సరిచేసేవారు. కాంట్రాక్ట్ కార్మికులకు మాత్రం వారం సరుకే, అదీ మొహం చూసి. పని అదే, బొగ్గు అదే, కానీ వచ్చే నెల ఉంటారో లేదో తెలియదు కదా అనేవారు. అలాంటి మనిషికి నేను కాంట్రాక్ట్‌లోకి వెళ్తున్నా అంటే ఏమంటారు? "మంచిగున్న నౌకరి ఇడిసిపెట్టి కాంట్రాక్టు పనికి పోతనంటవ్. రేపు తీసేస్తే ఎవర్ని అడుగుతవ్ బిడ్డా?" అన్నారు. నోటీసు ఇచ్చి పర్మనెంట్ ఉద్యోగిని కూడా తీసేస్తారు నాన్నా, మా ఆఫీసులోనే ఎంతమందిని పంపలేదు అన్నాను. "తీసేసినా ఏదో లెక్క కట్టి ఇస్తరు గదా" అన్నారు. అది నిజం. మూడు నెలల జీతమో, ఇంకొంతో చేతిలో పెడతారు. నాకు ఎవరూ పెట్టరు. అందుకే ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి, రసీదు ఆయనకు చూపించాను. ఆ తర్వాత మళ్లీ ఏమీ అనలేదు. ఒప్పుకున్నట్టా అంటే, అడగలేదు.

మా ఇంటి లోన్‌లోనూ నాన్న కొట్టు పద్ధతే ఎదురైంది. అప్పట్లో నిజాంపేటలో త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూస్తుండేవాళ్లం. జీతగాళ్లకైతే బ్యాంకు మూడు నెలల పేస్లిప్పులు, ఫారం 16 చూసి లోన్ ఇస్తుంది. సొంత వృత్తి అంటే రెండు మూడేళ్ల ఐటీఆర్‌లు అడుగుతుంది. నేను ఏప్రిల్‌లో కాంట్రాక్ట్ మొదలుపెడితే రెండేళ్ల దాకా నా ఆదాయం బ్యాంకు కళ్లకు కనబడదు. చాలామంది ఇచ్చిన సలహా ఒకటే, లోన్ వచ్చాక రాజీనామా చెయ్యి. మా ఆయన బ్యాంకు మనిషి, దానికి ససేమిరా అన్నారు. రాజీనామా మనసులో పెట్టుకుని పేస్లిప్పు చూపించి లోన్ తీసుకోవడం ఆయనకు నచ్చలేదు. వాదించాను, ఓడిపోయాను. ఇప్పుడు ఆయన చెప్పిందే మంచిదైంది అనిపిస్తుంది. లోన్ ఆయన జీతం మీదే తీసుకున్నాం, ఈఎంఐ ఆయన ఖాతాలోంచే వెళ్తుంది. త్రీ బెడ్‌రూమ్ పోయి పాత అపార్ట్‌మెంట్‌లో టూ బెడ్‌రూమ్ వచ్చింది. నాకు ఒక నెల డబ్బు రాకపోతే ఇంటి మీదికి ఎవరూ రారు.

రాజీనామా తేదీ కూడా లెక్క చూసి పెట్టిందే. నేను ఆ కంపెనీలో చేరింది 2020 మార్చి 16న, లాక్‌డౌన్‌కు వారం ముందు. గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు కావాలి. క్లయింట్ జనవరిలోనే రమ్మన్నాడు. నోటీసు పీరియడ్ 90 రోజులు, డబ్బు కట్టి బయటపడవచ్చు. కానీ జనవరిలో బయటపడితే ఐదేళ్లు నిండవు. నాలుగేళ్లు దాటి ఐదో ఏట 240 రోజులు చేస్తే చాలని కోర్టు తీర్పు ఉందని మిత్రులు చెప్పారు. మా హెచ్‌ఆర్ ఐదేళ్లే అంది. వాళ్లతో ఆ వాదన గెలవడం కన్నా మార్చి దాకా ఆగడం తేలిక. నా బేసిక్ (మూల వేతనం) నెలకు లక్షా పది వేలు. దాన్ని 15తో గుణించి, 26తో భాగించి, ఐదేళ్లతో గుణిస్తే 3 లక్షల 17 వేలు. ఏడాది కాంట్రాక్ట్‌లో నాకు మిగిలే తేడాలో ముప్పాతిక వంతు ఇక్కడే ఉంది! డిసెంబర్ ఆఖరున రాజీనామా పెట్టి, మార్చి 31 చివరి రోజుగా చేసుకున్నాను. ఈలోగా సాయంత్రాలు కాస్త పని మొదలుపెట్టమని క్లయింట్ అడిగాడు. ఉద్యోగ ఒప్పందంలో వేరే పని చేయకూడదని ఉంది, వద్దన్నాను. ఏప్రిల్ దాకా ఆగారు. ఆగకపోతే ఆగకపోయేవారు.

అగ్రిమెంట్ చదవడానికి ఒక వారాంతం పట్టింది. అందులో నోటీసు వాళ్ల వైపు నుంచి ఏడు రోజులు, నా వైపు నుంచి ముప్పై. రెండూ ముప్పై చేయమన్నాను, చేశారు. నా వల్ల నష్టం జరిగితే ఎంతైనా నేనే భరించాలి అన్నట్టు ఒక క్లాజు ఉంది. ఒక్క లైన్ కోడ్ తప్పుకు రొట్టర్‌డామ్ ఓడరేవులో కంటైనర్లు ఆగిపోతే ఆ బిల్లు నేను కట్టాలా? వాళ్లు నాకు ఇచ్చిన ఫీజుకు మించకుండా పరిమితి పెట్టించాను. దీనికి వాళ్ల లాయర్ కాస్త నసిగాడు. డబ్బు ఇన్‌వాయిస్ అందిన 30 రోజులకు. అంటే ఏప్రిల్ పనికి మొదటి డబ్బు జూన్ మొదటి వారంలో. ఇది ముందే తెలియనివాళ్లకు మొదటి రెండు నెలలు చుక్కలు కనబడతాయి.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ తేలికే, మా ఓనర్ అంకుల్‌ని ఒప్పించడమే కష్టమైంది. సేవల రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. అద్దె ఇంటి అడ్రస్ మీద కావాలంటే అగ్రిమెంట్, కరెంటు బిల్లు, ఓనర్ నుంచి అభ్యంతరం లేదనే కాగితం, ఎన్‌ఓసీ కావాలి. అంకుల్ కళ్లజోడు సర్దుకుని ఎన్‌ఓసీ కాగితం అటూ ఇటూ తిప్పి, "వ్యాపారం అని రాశారేంటమ్మా? రేపు కరెంటోళ్లు వచ్చి మీటర్ కమర్షియల్ కేటగిరీలోకి మారుస్తారు" అన్నారు. లాప్‌టాప్ ఒక్కటే అంకుల్, బోర్డు పెట్టను, ఎవరూ రారు అంటే, "కొరియర్లు వస్తాయా?" అని అడిగారు. ఆంటీ లోపలి నుంచి వచ్చి, "ఆ పిల్ల ఇంట్లో కూర్చుని కంప్యూటర్ చూసుకుంటుంది, సంతకం పెట్టండి" అన్నాక పని అయింది.

విదేశానికి చేసే సేవ ఎగుమతి కింద లెక్క, ఎల్‌యూటీ అనే హామీపత్రం పెడితే జీఎస్టీ కట్టక్కర్లేదు. పెట్టకపోతే 18 శాతం ముందు కట్టి తర్వాత రీఫండ్ కోసం తిరగాలి. ఎల్‌యూటీ ఆర్థిక సంవత్సరానికి ఒకసారి, అంటే మళ్లీ మార్చి వచ్చేసరికి గుర్తు పెట్టుకోవాలి. మొదటి డబ్బు వచ్చినప్పుడు బ్యాంకు పర్పస్ కోడ్, అంటే డబ్బు దేనికి వచ్చిందో చెప్పే కోడ్, అడిగింది. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పీ0802. ఆ కోడ్‌తో వచ్చే ధ్రువపత్రాలన్నీ దాచిపెడుతున్నాను. మళ్లీ ఉద్యోగానికి వెళ్లాలనుకుంటే పేస్లిప్పుల బదులు అవే చూపించాలి.

క్లయింట్ టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే కోసే పన్ను, ఏమీ కోయడు. వచ్చిన డబ్బంతా మనదే అనిపిస్తుంది, అదే ప్రమాదం. 44ఏడీఏ వాళ్లు అడ్వాన్స్ ట్యాక్స్ మార్చి 15 లోపు ఒకేసారి కట్టవచ్చు. ప్రతి ఇన్‌వాయిస్‌లో కొంత విడిగా ఒక ఖాతాలోకి పంపిస్తున్నాను, ఆ ఖాతాకు డెబిట్ కార్డు తీసుకోలేదు. పీఎఫ్ కదపలేదు, వడ్డీ వస్తోంది, ఉండనీ. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి ఈ సెక్షన్ నంబర్లన్నీ మారతాయి, సీఏ గారికి మళ్లీ ఫోన్ చేయాలి.

నా సంగతి విని మా పాత టీమ్‌లో ఒకమ్మాయి తనూ వదిలేస్తానంది. రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నామని కూడా చెప్పింది. వద్దన్నాను. పర్మనెంట్‌లో 26 వారాలు జీతంతో ప్రసూతి సెలవు వస్తుంది, ఆ చట్టం ఇన్‌వాయిస్ పంపేవాళ్లకు వర్తించదు. ఇంట్లో ఇంకో స్థిరమైన జీతం లేనివాళ్లకూ, లోన్ ఇద్దరి జీతాల మీద ఉన్నవాళ్లకూ ఇదే చెప్తాను. నాకు కుదిరిందంటే మా ఆయన జీతం వెనక ఉండబట్టే.

ఇప్పటిదాకా డబ్బు ఒక్కసారే వారం ఆలస్యమైంది. యూరో వంద దాటడం నా లెక్కలో లేని లాభం, అలాగే 90 కిందికి పడినా నా లెక్కలో లేని నష్టమే అయ్యేది. కాంట్రాక్ట్ 2026 మార్చి ఆఖరుకు అయిపోతుంది, రెన్యువల్ మాటలు నడుస్తున్నాయి. గంటకు 31 అడిగాను. వాళ్లు 29 అన్నారు.